ఏ సుబ్బారావు?

పదో తరగతి పిల్లల పేర్ల జాబితా పరీక్షల బోర్డుకు పంపే రోజులు వచ్చాయంటే మా మునగపాక చుట్టుపక్కల బళ్ళలో ఒక తమాషా చూడవచ్చు. మాస్టార్లు పిల్లలను వరుసగా నిలబెట్టి పుట్టుమచ్చల కోసం వెతుకుతూ ఉంటారు. కుడి బుగ్గ మీద ఒకటి, ఎడమ మోచేతి దగ్గర ఒకటి అని రాసుకుంటారు. ఒంటిమీద ఎక్కడా మచ్చ కనబడని పిల్లవాడు తగిలితే మాకు పెద్ద చిక్కే. సైకిలు మీంచి పడిన పాత గాయం మచ్చ ఒకటి దొరికితే హమ్మయ్య అనుకుంటాం. "పేరు రాశారు, ఇంటిపేరు రాశారు, నాన్న పేరు కూడా రాశారు. ఇంకా ఈ మచ్చలెందుకు మాస్టారూ?" అని మొన్న ఒక అమ్మాయి అడిగింది.

మంచి ప్రశ్నే. దానికి జవాబు చెప్పాలంటే ముందు మా బడిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం మా బడిలో ఇద్దరు అప్పలనాయుళ్ళు ఉండేవారు. ఇంటిపేరు ఒక్కటే, ఊరు ఒక్కటే. ఒకడు తొమ్మిది, ఇంకొకడు పది. పదో తరగతి అప్పలనాయుడికి రావలసిన ఉపకారవేతనం తొమ్మిదో తరగతి అప్పలనాయుడి బ్యాంకు ఖాతాలో పడింది. ఎక్కడో ఒక కార్యాలయంలో ఒకరు పేరు చూశారు, ఇంటిపేరు చూశారు, ఊరు చూశారు. మూడూ కలిశాయి గనక మనిషి వీడే అని తేల్చేశారు. దాన్ని సరిచేయించడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. మధ్యలో ఒకరోజు పిల్లవాడి తండ్రి వచ్చి, "మాస్టారూ, పేరొక్కటే అయితే డబ్బులు కూడా ఒక్కటేనా అండి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

ఆ కార్యాలయంలో జరిగిన పొరపాటును లెక్కల భాషలో చూద్దాం. మన మండలంలో ప్రతి 50 మంది అబ్బాయిలలో ఒకడి పేరు అప్పలనాయుడు అనుకుందాం. ప్రతి 40 మందిలో ఒకడిది ఆ ఇంటిపేరు అనుకుందాం. రెండూ ఒకే పిల్లవాడికి ఉండే అవకాశం ఎంత? 50ని 40తో గుణిస్తే 2000. అంటే 2000 మందిలో ఒకడు. మా బడిలో అంతమంది అబ్బాయిలే లేరు! కనుక ఇద్దరు ఉండే ప్రమాదం లేదని ఎవరైనా అనుకుంటారు. మరి ఇద్దరు ఎలా వచ్చారు?

గుణకారం తప్పు కాదు. దాన్ని వాడిన చోటు తప్పు. రెండు నాణేలు ఎగరవేస్తే ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు గనక అక్కడ గుణించవచ్చు. పేర్ల విషయం అలా కాదు. మన వైపు తాతగారి పేరు మనవడికి పెడతారు. తాత అప్పలనాయుడికి నలుగురు కొడుకులు ఉంటే నలుగురి ఇళ్ళలోనూ ఒక అప్పలనాయుడు పుడతాడు. నలుగురిదీ ఒకే ఇంటిపేరు, చాలాసార్లు ఒకే వీధి. పైగా సింహాచలం అప్పన్న పేరు, అనకాపల్లి నూకాలమ్మ పేరు మన ఇళ్ళలో ఎన్నిసార్లు వినబడతాయో మీకు తెలుసు. అంటే ఇంటిపేరు కలిసింది గనక మనిషి ఒకడే అని నమ్మకం పెరగడానికి బదులు, ఇద్దరు ఉన్నారేమో అని అనుమానం పెరగాలి. ఊళ్ళో వాళ్ళకు ఈ తికమక లేదు. ఒకడు గానుగ అప్పలనాయుడు, ఒకడు కళ్ళజోడు అప్పలనాయుడు. కాగితానికి మాత్రం ఆ గానుగా తెలియదు, ఆ కళ్ళజోడూ తెలియదు. అందుకే అమ్మాయీ, మచ్చలు.

ఇది పిల్లల ఉపకారవేతనంతో ఆగేది అయితే నేనింత రాయను. ఒక మనిషికి వైద్యం చేసే హక్కు ఉందా లేదా, కోర్టులో వాదించే హక్కు ఉందా లేదా, ఒక కొత్త వస్తువును కనిపెట్టింది ఎవరు అనే విషయాలు కూడా పేర్ల పట్టీలలోనే ఉంటాయి. వాటినే రిజిస్టర్లు అంటాం. అవి దాచుకునే పుస్తకాలు కావు, ఎవరైనా చూడవచ్చు. ఇప్పుడు ఫోనులో పేరు కొట్టినా కనబడతాయి. చూసే వాళ్ళు పెరిగారు, బాగానే ఉంది. చదవడం తెలిసినవాళ్ళు పెరిగారా అన్నదే నా సందేహం.

సుబ్బారావు అనే పేరు తీసుకోండి. మద్రాసు హైకోర్టు వకీళ్ళలో సుబ్బారావు ఎవరు అని అడిగితే కాకినాడలో 1856లో పుట్టి, 1890లోనే చనిపోయిన తల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. దివ్యజ్ఞాన సమాజం వారికి ఆయన బాగా తెలుసు. ఏలూరులో వకీలుగా పనిచేసిన నండూరి సుబ్బారావు గారు ఉన్నారు. ఎంకి పాటలు రాసిన కవి ఆయనే. రాజమండ్రిలో 1902లో పుట్టి, వకీలుగా మొదలై, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు గారు ఉన్నారు. ఒక్క న్యాయవాద వృత్తిలోనే ముగ్గురు. ఇంటిపేర్లు తీసేసి ఒట్టి సుబ్బారావు అని ఉంచితే ఎంకి పాటలు రాసిన కవి దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయిపోతాడు!

నాలుగో సుబ్బారావు ఒకాయన ఉన్నారు. ఎల్లాప్రగడ సుబ్బారావు. నండూరి వారు పుట్టిన 1895లోనే భీమవరంలో పుట్టారు. ఇద్దరూ చదువుకోసం మద్రాసు వెళ్ళారు. తల్లాప్రగడ, ఎల్లాప్రగడ అన్న ఇంటిపేర్లు కూడా కవలల్లా వినబడతాయి. ఇంగ్లీషులో ఈ ఇద్దరి పేర్లలోనూ 'రావు' చివర ఓ అక్షరం బదులు డబ్ల్యూ అక్షరం ఉంటుంది. కనుక ఓ అక్షరంతో వెతికితే ఇద్దరూ దొరకరు, డబ్ల్యూతో వెతికితే ఇద్దరూ కలిసి వస్తారు!

ఈ ఎల్లాప్రగడ వారి కథలో మనకు కావలసిన సంగతి ఒకటి ఉంది. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఆయన స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఖద్దరు శస్త్రచికిత్స దుస్తులు వేసుకున్నారు. శస్త్రచికిత్స ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు అది నచ్చలేదు. చివరకు సుబ్బారావు గారికి దక్కింది ఎం.బి.బి.ఎస్. పట్టా కాదు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే. అందులో మొదటి ఎల్ అక్షరానికి అర్థం లైసెన్సు పొందినవాడు అనే. రిజిస్టరులో ఆయన పేరు పక్కన పడిన మూడక్షరాలు అవి. ఆ మూడక్షరాలు చూసినవాడు, ఇతను రెండో తరగతి విద్యార్థి అనుకుంటాడు. ఆ రెండో తరగతి విద్యార్థి 1922లో అమెరికా వెళ్ళి, ఆసుపత్రిలో రాత్రిపూట పనివాడిగా బతుకుతూ హార్వర్డులో చదివాడు. 1925లో ఫిస్క్‌తో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రకటించాడు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాల మీద పనిచేశాడు. 1940లో లెడర్లే పరిశోధనాలయానికి వెళ్ళి, ఫోలిక్ ఆమ్లం తయారుచేసిన బృందాన్ని నడిపాడు. మన జిల్లాల్లో బోదకాలు రాకుండా ఏటేటా ఇంటింటికీ తెచ్చి మింగించిన డి.ఇ.సి. మాత్ర ఆయన బృందం 1947లో లోకానికి తెలిపినదే.

లైసెన్సు రిజిస్టరు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడిగిన ప్రశ్న, ఈ మనిషి ఏ పరీక్ష నెగ్గాడు అని. అంతకే జవాబు చెప్పింది. మనిషి ఎంతటివాడో దాన్ని ఎవరూ అడగలేదు, అడిగినా చెప్పలేదు.

ఇప్పటి డాక్టర్ల సంగతికి వద్దాం. మీ ఇంట్లో డాక్టరు రాసిచ్చిన మందుల చీటీ ఒకటి తీసి చూడండి. పేరు కింద ఒక నంబరు ఉండాలి. 2002లో వచ్చిన వైద్యుల నియమావళి ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషను నంబరును ఆసుపత్రిలో కనబడేలా పెట్టాలి, చీటీల మీదా ధ్రువపత్రాల మీదా వేయాలి. ఇంకొకరి నంబరు తన బోర్డు మీద రాసుకొని వైద్యం చేసిన దొంగ డాక్టర్ల వార్తలు పత్రికల్లో అప్పుడప్పుడు చూస్తూనే ఉంటాం. అలాంటివాడు సాధారణంగా తన పేరుతో కలిసే అసలు డాక్టరునే వెతుక్కుంటాడు. దీనికి తలకిందులుగా జరిగేది కూడా ఉంది. ఎక్కడో ఒక డాక్టరు పేరు రిజిస్టరులోంచి తీసేశారని వార్త వస్తుంది. అదే పేరున్న ఇంకో ఊరి డాక్టరు ఏ పాపం ఎరుగడు, కాని మర్నాటి నుంచి ఆయన గుమ్మం ఎవరూ తొక్కరు. నాకు ఈ రెండోదే మొదటిదానికన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. దొంగవాణ్ణి పట్టుకోవడానికి పోలీసులున్నారు. పేరు కలిసినందుకు పరువు పోయినవాడికి ఎవరున్నారు?

నంబరు చూస్తే చాలునా అంటే, అదీ చాలదు. ఈ నంబర్లు ఇచ్చింది రాష్ట్రాల వైద్య మండళ్ళు. ఒక రాష్ట్రంలో ఒక డాక్టరుకు ఉన్న నంబరే ఇంకో రాష్ట్రంలో ఇంకొకరికి ఉండవచ్చు. కనుక నంబరు, మండలి పేరు, నమోదైన సంవత్సరం, తండ్రి పేరు, చదివిన చదువు ఇవన్నీ కలిపి చూడాలి. రిజిస్టరులో ఇన్ని గడులు గీసింది అలంకారానికి కాదు. దేశమంతటికీ కలిపి ఒక్కొక్క డాక్టరుకు ఒకే గుర్తింపు సంఖ్య ఇచ్చే జాతీయ వైద్య రిజిస్టరును 2024లో ప్రారంభించారు. అది పూర్తి అయితే చిక్కు కొంత తగ్గుతుంది.

పేటెంటు సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. పేటెంటు అంటే మీకు తెలుసు గదా. కొత్త వస్తువునో, కొత్త పద్ధతినో కనిపెట్టినవాడు దాని రహస్యాన్ని లోకానికి పూర్తిగా చెప్పేస్తాడు. అందుకు బదులుగా ప్రభుత్వం, ఇన్నేళ్ళపాటు నీ అనుమతి లేకుండా దీన్ని ఎవరూ వాడుకోరాదు అని హక్కు ఇస్తుంది. మన దేశంలో ఇప్పుడా గడువు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి 20 ఏళ్ళు. మన దేశంలో మొదటి పేటెంటు 1856 నాటి చట్టం కింద వచ్చింది. పంఖా లాగే యంత్రానికి! ఎండలకు తాళలేని దొరలకు ఆనాడు అదే ముఖ్యమైన పరిశోధన కాబోలు. ఇప్పుడు అమలులో ఉన్నది 1970 చట్టం. సాధారణంగా దరఖాస్తు వేసిన 18 నెలలకు దాన్ని ప్రకటిస్తారు. పేటెంటు కార్యాలయం పత్రిక ప్రతి శుక్రవారం వస్తుంది, ఎవరైనా చదువుకోవచ్చు.

అందులో దరఖాస్తుదారు గడి ఒకటి, కనిపెట్టినవారి గడి ఒకటి వేరువేరుగా ఉంటాయి. చాలామంది ఇక్కడే పొరబడతారు. దరఖాస్తుదారు ఒక కంపెనీ కావచ్చు. కనిపెట్టినవారు అందులో పనిచేసే నలుగురు కావచ్చు. ఆరియోమైసిన్ అనే మందు పేరు విన్నారా? టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొట్టమొదటిది, సుబ్బారావు గారు పరిశోధనలకు అధిపతిగా ఉన్న లెడర్లేలోనే పుట్టింది. దాని అమెరికా పేటెంటు నంబరు 2482055. కనిపెట్టినవాడి పేరు బెంజమిన్ డగ్గర్. హక్కుదారు ఆ పరిశోధనాలయం యజమాని అయిన అమెరికన్ సయనమిడ్ కంపెనీ. పేటెంటు వచ్చిన తేదీ 1949 సెప్టెంబరు 13. అప్పటికి సుబ్బారావు గారు చనిపోయి ఏడాది దాటింది.

ఇది అన్యాయం అని కొందరు ఆవేశపడతారు. నేను అలా అనలేను. మట్టిలోంచి ఆ సూక్ష్మజీవిని వేరుచేసిన వృద్ధ శాస్త్రజ్ఞుడు డగ్గరే. పేటెంటు అడిగేది ఎవరు కనిపెట్టారు అని. ఎవరు బృందాన్ని కూడగట్టారు, ఎవరు దారి చూపారు అని అది అడగదు. మనం చేయగలిగింది ఏమిటంటే, పేటెంటులో పేరు లేదు గనక ఆయనకు దానితో సంబంధమే లేదు అనకుండా ఉండడం. అలాగే పేటెంటులో మన తెలుగు పేరు ఒకటి కనబడగానే, ఇది మన ఫలానా వారిదే అని ఎగిరి గంతేయకుండా ఉండడం.

ఎందుకంటే రావుగార్ల సంగతి వింటే మీకే నవ్వు వస్తుంది. కె. ఆర్. రావు అనే పేరుతో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఒక గొప్ప భౌతికశాస్త్రజ్ఞుడు ఉండేవారు. మూలకాలు వెదజల్లే కాంతిని, అంటే వర్ణపటాలను, పరిశోధించారు. 1898లో పుట్టి 1972లో చనిపోయారు. విశాఖపట్నంలో భౌతికశాస్త్రం చదివిన పాతతరం వారికి ఆయన గురుతుల్యులు. ఇంకొక కె. ఆర్. రావు అమెరికాలో ఇంజనీరింగు ఆచార్యుడిగా ఉండేవారు. ఆయన నాసిర్ అహ్మద్, నటరాజన్‌లతో కలిసి 1974లో ప్రకటించిన గణిత పద్ధతి మీద ఆధారపడే మీ ఫోనులో ఫోటో తక్కువ చోటులో ఇముడుతోంది. బొమ్మను చిన్న చిన్న గళ్ళుగా కోసి, కంటికి ఆనని వివరాలను వదిలేస్తుంది ఆ పద్ధతి. మొదటివారు కొచ్చెర్లకోట రంగధామరావు. రెండోవారు కామిశెట్టి రామమోహనరావు. చూశారా! ఇంటిపేరు, పేరు పూర్తిగా రాస్తే పసిపిల్లవాడు కూడా తేడా చెబుతాడు. పొట్టి అక్షరాలు చేస్తే ప్రపంచంలోని పండితులు కూడా చెప్పలేరు.

పాశ్చాత్యుల పట్టీలలో చివర ఉన్న మాటే ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. వాళ్ళ ఫారాలు నింపేటప్పుడు మన ఇంటిపేరు ఒక్క అక్షరమై మూలకు పోతుంది. పేరుకు గౌరవంగా తగిలించుకున్న 'రావు' ఇంటిపేరై కూర్చుంటుంది. క్రామర్–రావు సూత్రంలోని రావు గారి ఇంటిపేరు కల్యంపూడి అని మీలో ఎంతమందికి తెలుసు? ఆయన మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన రాధాకృష్ణరావు గారు. 2023లో 102 ఏళ్ళ వయసులో చనిపోయారు. ఆయనను బెంగుళూరు రసాయన శాస్త్రజ్ఞుడు సి. ఎన్. ఆర్. రావు గారితో కలిపేసి, ఇద్దరి ఘనతలూ ఒకరికే కట్టబెట్టిన వక్తృత్వ పోటీ ఉపన్యాసం ఒకటి నేను స్వయంగా విన్నాను. చప్పట్లు కూడా కొట్టాం!

నన్నడిగితే ఈ పొట్టి అక్షరాల అలవాటు బడిలోనే మానాలి. హాజరు పట్టీలో, పరీక్ష కాగితం మీద, సైన్సు ప్రదర్శన నమూనా పక్కన అట్టముక్క మీద, అన్నిచోట్లా పేరు పూర్తిగా, ఒకే విధంగా రాయాలి. ఇంగ్లీషు వర్ణక్రమం ఒకటే పెట్టుకోవాలి. మా మాస్టార్లమే ఈ తప్పు ఎక్కువ చేస్తాం, గడి చిన్నది గనక. గడి చిన్నదైతే గడిని పెంచాలి గాని పేరును కోస్తామా?

దీనికి ఒక అభ్యంతరం ఉంది. ఇంటిపేరు చూసి కులం పట్టేస్తారని దాన్ని కావాలనే విడిచిపెట్టినవారు ఉన్నారు. వాళ్ళ మాట నేను కొట్టిపారేయను. ఎవరి పేరు వారిది. పెళ్ళి అయ్యాక ఇంటిపేరు మారే ఆడపిల్లల సంగతి కూడా ఉంది. డాక్టరుగా నమోదైనప్పుడు ఒక పేరు, బోర్డు మీద ఇంకో పేరు. ఒకే మనిషి ఇద్దరుగా కనబడుతుంది. మగవారిలోనూ లేకపోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అణుభౌతిక శాస్త్రాన్ని నిలబెట్టిన స్వామి జ్ఞానానంద గారి పేరు సన్యాసం తీసుకోకముందు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. ఆ రెండు పేర్లనూ ఏ యంత్రం కలపగలదు?

కనుక పేరుతో పాటు మారని సంఖ్య ఒకటి కావాలి. ఇది మన చెరకు రైతులకు కొత్త కాదు. అనకాపల్లి పరిశోధనా కేంద్రంలో పుట్టిన విశ్వామిత్ర రకానికి 87 ఎ 298 అని సంఖ్య ఉంది. ఏడూ ఊరూ వరుస సంఖ్యా అందులోనే ఉన్నాయి. విశ్వామిత్రులు ఎంతమంది ఉన్నా 87 ఎ 298 ఒక్కటే. శాస్త్రజ్ఞులకు కూడా 2012 నుంచి ఆర్కిడ్ అనే 16 స్థానాల సంఖ్య ఇస్తున్నారు. పేరు మారినా, దేశం మారినా సంఖ్య మారదు. ఇలాంటి సంఖ్యలలో ఒక కిటుకు ఉంది. చివరి స్థానం సొంతంగా ఏమీ చెప్పదు. ముందున్న అంకెలన్నీ సరిగ్గా ఉన్నాయా అని కాపలా కాస్తుంది. మీ ఆధార్ 12 అంకెలలో చివరిది అలాంటిదే. జాకబస్ వెర్హాఫ్ అనే డచ్చి గణితజ్ఞుడు 1969లో చూపిన పద్ధతితో దాన్ని లెక్కగడతారు. ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా పట్టేస్తుంది. పేరుకు అలాంటి కాపలా అంకె లేదు. అప్పలనాయుడును అప్పలరాజు అని రాస్తే ఏ లెక్కా పట్టుకోదు.

మా ఇద్దరు అప్పలనాయుళ్ళలో డబ్బు పొరపాటున అందుకున్నవాడు, అదే తొమ్మిదో తరగతివాడు, ఇప్పుడు అనకాపల్లిలో ఒక మందుల షాపులో ఫార్మసిస్టు. గోడ మీద అద్దం పటంలో అతని నమోదు పత్రం ఉంటుంది. నేను మందులకు వెళ్ళినప్పుడల్లా కళ్ళజోడు సర్దుకొని ఆ నంబరూ, తండ్రి పేరూ చదువుతాను. "నేనేనండి మాస్టారూ, ఆడు కాదు" అంటాడు లోపల్నించి.